ముసలమ్మ మునిగిన మధ్యాహ్నం

వేళ్ళకి తగిలింది. తగలగానే చెయ్యి జేబులోనే కొయ్యబారిపోయింది. పుల్లబిళ్ళ కోసం పెట్టిన చెయ్యి అది. మునిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి, ఏదో ఒకటి చప్పరిస్తూ ఉండండని పొద్దున ఓడ ఎక్కేటప్పుడు వంటవాడు తలా గుప్పెడు పంచిపెట్టాడు. వాటిని పై జేబులో వేసుకుని, మతిమరుపుది, మోకాలి జేబులో వెతికింది. మోకాలి జేబంటే రంగులక్కకి చెత్తబుట్ట కింద లెక్క. గరుకుకాగితం ముక్కలు, ఊడిపోయిన బ్రష్షు వెంట్రుకలు, ఎప్పటివో టీ చీటీలు, అన్నీ అందులోకే. వాటి మధ్య మెత్తగా, జిడ్డుగా, చిటికెనవేలంత పొడుగున ఒక గుడ్డపేలిక. బయటికి తీసి చూడక్కర్లేదు. ఇన్నేళ్ళుగా ఆ పేలికల్ని పట్టుకు లాగిన వేళ్ళకి కళ్ళతో పనేముంది? ఎర్ర రిబ్బను. దాని చివర ఉండాల్సిన బిరడా మాత్రం లేదు.

ఇంతకీ మనిషెక్కడుందయ్యా అంటే, నీళ్ళ కింద. జలాంతర్గామి ముందు గదిలో, టార్పెడో గొట్టాలకి వీపు ఆనించి, మడతబల్ల మీద. నౌకాదళం వాళ్ళు ఆ ఓడకో నంబరిచ్చారు గాని అది కాగితాలకే పరిమితం. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ బాగుచేసేవాళ్ళూ అందరూ ముసలమ్మ అనే అంటారు. మరమ్మతయ్యాక మొదటి మునకలో, పనిచేసినవాళ్ళు కూడా లోపల కూర్చోవాలని ఈ షిప్‌యార్డులో ఒక ఆనవాయితీ. ఎవడు పెట్టాడో గాని బుర్ర ఉన్నవాడే పెట్టాడు, రేపు తనూ అందులో మునగాలని తెలిసినవాడు నట్టు వదులుగా బిగించి ఇంటికి పోడు కదా. వెల్డర్ల తరఫున ఒకడొచ్చాడు, కూర్చోగానే కళ్ళు మూసుకున్నాడు, నిద్రో భయమో తెలీదు. తాళ్ళపని వాళ్ళ తరఫున తాళ్ళతాత. రంగులవాళ్ళ తరఫున రావాల్సింది మేస్త్రి, కానీ ఆయన నడుం నిన్న సాయంత్రమే పట్టేసింది. మునక ఉందని చెవిన పడితే చాలు, టంచనుగా పట్టేసే నడుం అది. "నువ్వెళ్ళమ్మాయ్, మీ తమ్ముడు కూడా ఉన్నాడుగా, ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది" అన్నాడు. ఇంట్లో ఉన్నట్టేనట! ఇంట్లో అయితే గడియ తీసుకుని వీధిలోకి పరిగెత్తొచ్చు.

మొదటి మునకలో ఎవరూ నోరు విప్పకూడదు. ఇది ఆనవాయితీ కాదు, ఆజ్ఞ. గదుల మధ్య ఇనపతలుపులు బిగించేసి, ఏ గదివాళ్ళు ఆ గదిలో చెవులు రిక్కించి కూర్చుంటారు, ఎక్కడ చుక్క కారినా వినబడాలని. గదికొక నావికుడు ఫోను పట్టుకుని నిలబడతాడు, అడిగినప్పుడు "ముందు గది, పొడి" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు. అది తప్ప వినబడేది గోడమీది స్పీకరు. ఓడ ముక్కుని కిందికీ పైకీ తిప్పే చక్రం దగ్గర కూర్చున్నవాడు, ఎదురుగా ఉన్న ముల్లు ఎన్ని మీటర్ల లోతు చూపిస్తే ఆ అంకె పైకి చదువుతాడు. "ముప్పై ఆరు," అంది స్పీకరు. "ముప్పై ఏడు." ఆ గొంతు చంటోడిది. మీసాలొచ్చినా, భుజం మీద పట్టీలొచ్చినా, అక్కకి చంటోడే. ఆ గొంతు తెరిపించింది ఆవిడే, ఆకలేస్తే అడగడం, దెబ్బ తగిలితే ఎక్కడో చెప్పడం, అన్నీ ఆవిడే నేర్పింది, అమ్మ పోయేటప్పటికి వాడింకా పాకుతున్నాడు. ఇప్పుడు ఆ గొంతుతో ఆవిడకి మాటల్లేవు. పొద్దున ఓడ మెట్ల దగ్గర ఎదురుపడి "అక్కా, చూసి దిగు, జారతాయి" అంటే, గోడ మాట్లాడినట్టు మొహం పక్కకి తిప్పుకుని దిగింది. ఈ రిబ్బను, ఆ మాటల్లేకపోవడం, రెండూ ఒక్క సాయంత్రం పుట్టినవే.

ఓడ ఒంటినిండా రంధ్రాలే. బయట చూసేవాళ్ళకి నల్లగా నున్నగా చేపలా కనబడుతుంది గాని, దగ్గరికెళ్తే జల్లెడ. రంగు లోపలికి పోకుండా ఒక్కో రంధ్రంలో గ్రీజు పూసిన చెక్కబిరడా కొడతారు, బిరడాకి చిన్న మేకుతో ఎర్ర రిబ్బను తోక తగిలిస్తారు. రంగు ఆరాక తోక పట్టుకుని లాగితే బిరడా ఊడొస్తుంది. నలుపు మీద నలుపు వేశాక బిరడా ఏదో ఓడ ఏదో బ్రహ్మక్కూడా తెలీదు, అందుకే ఆ తోక. తోకని కూడా నమ్మొద్దంటాడు మేస్త్రి. "నల్లదాని మీద కన్ను పనికిరాదే అమ్మాయ్, వేలు పెట్టు. వేలు లోపలికి పోతేనే తెరిచినట్టు." ప్రతి రంధ్రంలో వేలు పెట్టి, గోటి కింద గ్రీజు తెచ్చుకుని, ఇంటికెళ్ళి సబ్బుతో ఎంత తోమినా పోని ఆ నల్లగీతతోనే అన్నం కలుపుకునే మనిషి. మరి ఆ రోజు? ఎడమ పక్క, ముక్కుకి కాస్త వెనగ్గా ఉన్న ఆ రంధ్రంలో వేలు పెట్టిందా? పెట్టినట్టే ఉంది. చల్లగా, జిడ్డుగా, వేలు ముడి దాకా పోయినట్టే గుర్తు. కానీ ఆ గుర్తు ఆ రంధ్రానిదా, దాని పక్కదానిదా, కిందటేడు ఇంకో ఓడదా? అన్ని రంధ్రాలూ ఒక్కలాగే ఉంటాయి. వేలికేం జ్ఞాపకం? తోక తెగి చేతికొచ్చింది మాత్రం ఆ ఒక్క రంధ్రం దగ్గరే, అది ఒట్టేసి చెప్పగలదు, ఎందుకంటే ఆ తోక పట్టుకోగానే కింద నుంచి "అక్కా!" అని కేక వినబడింది.

నీళ్ళు తోడేసిన డాకులో, ముసలమ్మ పొట్ట పక్కన పరంజా మీద నిలబడి ఉంది తను. కింద చంటోడు, కొత్తగా ఇస్త్రీ చేసిన బట్టల్లో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "నన్ను ఇందులోనే వేశారే, ముసలమ్మలోనే! చక్రం దగ్గర కూర్చుంటాను!" ఓడ అయితే సరే, తేలేది ఏదైనా సరే, మునిగేదాంట్లోకి మాత్రం వెళ్ళనని ఒట్టు పెట్టాడు కదా వీడు? తన నెత్తి మీద చెయ్యేసి మరీ పెట్టాడు. అదే అడిగింది, పై నుంచే. "చిన్నప్పుడు పెట్టానక్కా" అన్నాడు. "చిన్నప్పుడు పెడితే ఒట్టు కాదట్రా? అయితే నా నెత్తి కూడా అప్పటిదే, ఇప్పుడు పగిలినా నీకేం పట్టదన్నమాట!" పనిచేసే వాళ్ళంతా బ్రష్షులాపి చూశారు. వాడు ఇంకా నవ్వుతూనే, సర్ది చెప్పబోతూ అన్నాడు, "నువ్వు రంగేసిన ఓడలో నాకేం భయమే? నీ చేతిపని నాకు తెలీదూ? నిన్నడక్కుండా చుక్క నీళ్ళు లోపలికి రావు." ఆ మాటకే ఇంకా ఒళ్ళు మండింది. అప్పుడు లాగింది. తోక తెగి చేతికొచ్చింది, చేతికొచ్చినదాన్ని జేబులో కుక్కింది, వాణ్ణి దగ్గరుండి తిట్టడానికి పరంజా దిగింది. తిట్టింది. మన ఇంటి గడప తొక్కొద్దంది. వాడు వెళ్ళిపోయాక కొంగుతో... లేదు, కొంగెక్కడిది, పనిబట్టల చేతితో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎక్కింది. ఎక్కాక బిరడాలు పీకే శ్రావణం తీసుకుని లాగిందా? ఏదో లాగింది. శ్రావణం చేతిలో ఉన్నట్టు గుర్తు. కింద నుంచి మేస్త్రి "అమ్మాయ్, నీ వైపు అన్నీ తెరిచావా?" అని అరిచాడు. "తెరిచాను" అంది. ఆవిడ తెరిచానంటే ఇక ఎవరూ వెళ్ళి చూడరు, అదీ ఆవిడకున్న పేరు. ఆ పేరుని ఇప్పుడేం చేసుకోను, ఉప్పేసి ఊరబెట్టుకోనా?

"నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. యాభై." ఓడ కాసేపు అక్కడే నిలిచింది. గదులన్నీ వరసగా పొడి పొడి అని చెప్పుకున్నాయి. పొడిగానే ఉంటుంది, ఎందుకుండదు? ఆ రంధ్రంలోంచి నీళ్ళు గదిలోకి రావుగా. అదీ భయం. వస్తే ఎవరో ఒకరు అరుస్తారు, అందరూ పరిగెడతారు, ఒక తలుపు బిగిస్తారు. ఆ రంధ్రం ఊరికే సముద్రపు బరువెంతో లోపలికి కబురు మోసుకొచ్చే దారి. అందులోకొచ్చిన నీళ్ళు సన్నటి గొట్టం వెంట వెళ్ళి చంటోడి ముందున్న ముల్లుని తోస్తాయి, లోతుకెళ్ళేకొద్దీ గట్టిగా తోస్తాయి. అలాంటి రంధ్రాలు రెండుండాలి, ఒకటి అబద్ధమాడితే ఇంకోటి పట్టిస్తుందని. కుడివైపుది గొట్టం పుచ్చిపోయిందని పీకేశారు. కొత్త గొట్టం ఇదిగో వస్తోంది అదిగో వస్తోందన్నారు, అది ఇప్పటికీ వస్తూనే ఉంది. నూట ఇరవై దాటని మునకే కదా, ఒకటి చాలులే అని పెద్దవాళ్ళు తలలూపారు. ఆ ఒకటీ తనది. బిరడా అందులోనే ఉంటే? చెక్కబిరడా పూర్తిగా ఆపదు, పూర్తిగా వదలదు, సందుల్లోంచి చెమ్మలా దిగుతుంది. ముల్లు ఆగిపోతే ఎవరికైనా అనుమానమొస్తుంది. ఇది ఆగదు, కదులుతూనే ఉంటుంది, వెనకబడ్డ గడియారంలాగా. గడియారం పదంటే బయట పదిన్నర. చంటోడు యాభై అంటే బయట ఎంత?

అనుమానం పెనుభూతం అన్నారు. తీసే ఉంటావే పిచ్చిదానా, అని తనకి తనే చెప్పుకుంది. ఎన్ని ఓడలు నీ చేతుల మీదుగా వెళ్ళలేదు? నీటిపైకి కనబడే యుద్ధనౌకలకి ఆకాశమూ నీళ్ళూ కలిసేచోట ఉండే బూడిదరంగు, నీటికింద భాగానికి నత్తగుల్లలు పట్టని ఇటుకెరుపు, ఆస్పత్రి ఓడకి తెలుపు, దీనికి నలుపు. ఇంట్లో గోడలకి కూడా బూడిదరంగే, డబ్బాల్లో మిగిలినది పారబోస్తారా ఏమిటి? పక్కింటి పిన్ని వచ్చి "యుద్ధం గానీ వస్తోందా, ఇంటిని దాచేస్తున్నావు" అని నవ్వేది. ఆ బూడిదగది నేల మీద బోర్లా పడుకుని చంటోడు సుద్దముక్కతో ఓడలు గీసేవాడు. "అక్కా, మునిగేవాటికి నలుపెందుకే?" "ఎవరికీ కనబడకూడదని." "నీక్కూడానా?" నాక్కూడా, అనబోయి ఆగిపోయింది అప్పుడు. ఎందుకాగిందో ఇప్పుడు తెలుస్తోంది. ముసలమ్మతోపాటు పుట్టిన ఓడ ఒకటుండేది, కిందటేడు పక్క యార్డులో ముక్కలు చేశారు. నౌకరీ అయిపోయిన ఓడని కోస్తుంటే చూడకూడదంటారు, చూసింది. కోసిన అంచు దగ్గర రంగుపొరలు, నలుపు కింద నలుపు, దాని కింద ఇంకా నలుపు, మధ్యలో ఎర్రటి పూత, ఉల్లిపాయలా. తనే వేసిన పొరలు గుర్తుపట్టింది కూడా. అన్ని పొరల వెనక ఉక్కు ఇంతేనా అనిపించింది. ఇంత పలచటి చర్మం వెనకాలా మనుషులు పడుకుని, గురకలు పెట్టి, పేకాడుకుని, పెళ్ళాలకి ఉత్తరాలు రాసుకున్నది? ఆ రోజు మరీ గట్టిగా అనుకుంది చంటోణ్ణి ఇలాంటిదాంట్లోకి పంపనని. పంపలేదు, వాడే వెళ్ళాడు, వెనకాలే తనూ వచ్చింది.

తలెత్తితే దారం కనబడింది. తాళ్ళతాత పని. ఒడ్డునున్నప్పుడే గదికి ఈ గోడ నుంచి ఆ గోడకి, రెండు కొక్కేలకి, బట్టలారేసుకునే తీగలా బిర్రుగా ఒక తెల్లదారం కట్టి, మధ్యలో ఒక నట్టు వేలాడదీశాడు. ఓడ మునిగేకొద్దీ సముద్రం నాలుగువైపులా నొక్కుతుంది, గోడలు వెంట్రుకవాసి దగ్గరికొస్తాయి, దారం వదులై నట్టు కిందికి దిగుతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళని బెదరగొట్టడానికి ఆయన ఆడే ఆట. నట్టు వెనకాల బీరువా తలుపు మీద గీతలున్నాయి, ముసలమ్మ పడుచుగా ఉన్నప్పటి నుంచీ ఆయనే మేకుతో గీసినవి, యాభైకొకటి, నూరుకొకటి, నూటయాభైకొకటి. దాని కింద గీతల్లేవు. "దాని కింద గీసినవాడు వచ్చి చెప్పడమ్మాయ్" అని కన్నుకొట్టేవాడు. లోపలి గోడలకి లేత ఆకుపచ్చ వేసేటప్పుడు "ఈ తలుపొక్కటి వదిలెయ్, నా పంచాంగం అది" అని బతిమాలితే, మేస్త్రికి తెలీకుండా వదిలేసింది. ఇప్పుడు ముసలమ్మకి నూటయాభై దాటొద్దని ఆంక్ష. వయసు మీదపడ్డవాళ్ళకి మెట్లెక్కొద్దని చెప్పినట్టే చెప్పారు.

స్పీకరు యాభై అన్నప్పుడు నట్టు యాభై గీత కింద ఉంది. ఆనుకుని కాదు, బాగా కింద. ఆవిడ చూసింది, చూసి తాత వైపు చూసింది. తాత నట్టుని చూడటంలేదు, తన చేతుల్ని చూసుకుంటున్నాడు. ఈమధ్య ఆ చేతులు వణుకుతున్నాయి, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాడు, అది ఎవరూ చూడలేదనుకుంటాడు. ముడి సరిగ్గా పడలేదు, దారం వదులుగా కట్టాను, ముసలాణ్ణయిపోయాను: మొహమంతా అదే రాసుంది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. అదే అయ్యుంటుంది, తాత ముడి జారుంటుంది, ఆ చేతులతో జారదూ మరి! అలా అనుకోగానే తన మీద తనకే అసహ్యమేసింది. తప్పు ఎవరో ఒకరి నెత్తిన పడితే చాలనుకునే స్థితికి వచ్చిందన్నమాట. "డెబ్భై. డెబ్భై ఒకటి." ఓడ ఎక్కడో మూలిగింది, ముసలాళ్ళు కూర్చుని లేచేటప్పుడు మూలిగినట్టు. ఫోను నావికుడు తల పైకెత్తి మళ్ళీ దించుకున్నాడు. వెల్డరు కళ్ళు తెరిచాడు. వాడిది నిద్ర కాదని తేలిపోయింది.

చెప్పాలి. ఎలా చెప్పాలి? నోరు విప్పితే మునక ఆగిపోతుంది, ఇంతమంది పని, ఇంతమంది ఎదురుచూపు గంగపాలు. పైకెళ్ళి చూస్తే రంధ్రం తెరిచే ఉంటే? మునకలో కేకలుపెట్టిన పిరికిపీనుగని షిప్‌యార్డంతా పిల్లలకి కథ చెబుతారు. చంటోడి మొదటి మునక, వాడి అక్క పాడుచేసిందని వాడి వెనక నవ్వుతారు. మూసే ఉంటే? అప్పుడు ఇంకెప్పుడూ బ్రష్షు పట్టనివ్వరు, పట్టనివ్వకూడదు కూడా. ఆ బూడిద ఇల్లు, ఆ ఉద్యోగం, ఆ పేరు, ఏదీ మిగలదు. మింగలేక కక్కలేక, నోట్లో లేని పుల్లబిళ్ళ కోసం నాలిక వెతుక్కుంది. చెప్పకపోతే? చెప్పకపోతే ఏమవుతుందో ఊహించుకోబోయింది. బుర్ర అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది, పొయ్యి మీద చెయ్యి పెట్టిన పసివాడిలా. వెళ్ళినంతలోనే ఒకటి చూసింది. ముల్లు నిమ్మళంగా నూట ఇరవై చూపిస్తూ ఉంటుంది, చంటోడు నిమ్మళంగా నూట ఇరవై అంటాడు, ఆ తర్వాత అంకె అనడానికి వాడుండడు. అక్క చేతిపని మీద నమ్మకంతోనే పోతాడు. అనుమానం కూడా రాదు వాడికి.

"తొంభై తొమ్మిది. నూరు." పొడి, పొడి, పొడి. "నూట ఇరవైకి వెళ్దాం" అంది కెప్టెన్ గొంతు. నట్టు నూటయాభై గీతకి వేలెడు దూరంలో వేలాడుతోంది. రంగులక్క లేచింది. గొట్టం పట్టుకుని నిలబడింది. జేబులో చెయ్యి తీసి, తాత ఒళ్ళో రిబ్బను పెట్టింది. తాత దాన్ని చూశాడు. తిరగేసి చూశాడు, మేకు చీల్చుకున్న చోట ఆగాడు. బిరడా లేని తోకంటే ఏమిటో షిప్‌యార్డులో పుట్టి పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? ఆయన కళ్ళు నెమ్మదిగా దారం మీదికి వెళ్ళాయి, అక్కడి నుంచి నట్టు మీదికి, నట్టు నుంచి మళ్ళీ తన చేతుల మీదికి. మొహంలో ఒక క్షణం వెలుగొచ్చింది, పాపం, అది సంతోషమే. ఆ వెంటనే తెల్లగా పాలిపోయింది. "నా ముడి జారలేదమ్మాయ్" అన్నాడు గుసగుసగా.

ఫోను నావికుడు పెదాల మీద వేలు పెట్టి గుడ్లురిమాడు. ఆవిడ వాడి చేతిలోంచి ఫోను లాక్కుంది. అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు. "చంటోడా! ఆ ముల్లుని నమ్మకురా. ఎడమవైపు బిరడా నేను తియ్యలేదు. మనం అది చెప్పేదానికన్నా చాలా కిందున్నాం." స్పీకర్లో వాడి గొంతు "నూట నాలుగు" అంటూ అంటూ సగంలో తెగిపోయింది. ఎవరది, అన్నాడు కెప్టెన్. "మా అక్కండి" అన్నాడు వాడు. ఆ మాట ఓడంతా వినబడింది. "అమ్మా, ఖచ్చితంగా తెలుసా మీకు?" తెలుసని చెబితే సరిపోయేది. అబద్ధమాడటానికి కూడా ధైర్యం మిగల్లేదు. "తెలీదండీ. రిబ్బను నా జేబులో ఉంది, ఇక్కడ తాత కట్టిన దారం నూటయాభై చూపిస్తోంది. నాకు చాలా భయంగా ఉందండీ." ముసలమ్మ ఇంకోసారి మూలిగింది, ఈసారి పొడుగ్గా. "ట్యాంకుల్లోకి గాలి వదలండి" అన్నాడు కెప్టెన్. "పైకి."

ఎక్కడో పెద్ద గాలివాన లేచినట్టు హోరు. నేల వెనక్కి వాలింది, వెల్డరు జారి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. పైకే వెళ్తున్నామా? స్పీకరు మళ్ళీ చదువుతోంది, చదవడం వాడి పని, ఆపమని ఎవరూ అనలేదు. "నూట ఐదు. నూట ఆరు." పైకి వెళ్తుంటే అంకె పెరుగుతుందేమిటి? "నూట ఏడు." వాడి గొంతు వణుకుతోంది, చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే వణికేదే ఆ గొంతు, ఇన్నేళ్ళయినా అదే. దిగిపోతున్నామా? హోరంతా వట్టిదేనా, తన మాట విని వాళ్ళేదో చేసి ఇంకా ముంచేశారా? ఫోను నావికుడు గోడకి నుదురు ఆనించి ఏదో గొణుక్కుంటున్నాడు, తల్లినో దేవుణ్ణో. ఆవిడ బుర్ర చెబుతోంది, బయటి నీళ్ళ బరువు లోపలి గొట్టం కన్నా ఇంకా ఎక్కువుంది కాబట్టి ముల్లు ఇంకా ముందుకే పాకుతుంది, వెనకబడ్డ గడియారం అంతేనని. బుర్ర చెబుతోంది గాని ఒళ్ళు నమ్మటంలేదు. "నూట ఎనిమిది." తాత ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాడు. "అటు వినకు. ఇటు చూడు." నట్టు. నట్టు నూరు గీత దగ్గరుంది. చూస్తుండగానే గీత దాటి పైకి లేచింది. దారం బిగుసుకుంటోంది. వణికే ఆ ముసలి చేతులు కట్టిన దారం ఒక్కటే ఆ ఓడలో నిజం చెబుతోంది, గదిలో ఉన్నవాళ్ళందరూ దాన్నే చూస్తున్నారు.

ఒక్కసారిగా ఓడ ఊగింది. పక్కకి, మళ్ళీ అటుపక్కకి. లోతులో ఊగదు, ఊగిందంటే అలలు తగులుతున్నట్టే. ఇనపతలుపు గడియలు తీస్తున్న చప్పుడు. తాత రిబ్బనుని ఆవిడ చేతిలో పెట్టి గుప్పెట మూశాడు, "పద" అన్నాడు, తను మాత్రం లేవలేకపోయాడు. సన్నటి నడవలో గోడలు పట్టుకుంటూ నడిచింది. రెండువైపులా మనుషులు పక్కకి జరిగి దారిచ్చారు, తిడితే బావుండుననిపించింది. మధ్య గదిలో పై మూత తీసి ఉంది. మధ్యాహ్నపు ఎండ నిచ్చెన మీదుగా నిలువునా లోపలికి దిగి, నేల మీద గుండ్రంగా పడి, ఓడతోపాటు అటూ ఇటూ కదులుతోంది. ఉప్పుగాలి. ఎక్కడో పక్షి అరుపు. కెప్టెన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఆవిణ్ణి చూసి చెయ్యి చాపాడు, ఆవిడ రిబ్బను ఇచ్చింది. ఆయన దాన్ని కాసేపు చూసి మళ్ళీ ఎదుటి గోడ వైపు చూశాడు, అందరూ అటే చూస్తున్నారు.

చంటోడు చక్రం వదల్లేదు. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని, ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎండ వాడి మెడ మీద పడుతోంది. "అరవై నాలుగు," అన్నాడు. ఊపిరి పీల్చుకుని, "అరవై మూడు." ముల్లు తీరిగ్గా, ఎవరి తొందరా తనకి పట్టనట్టు, వెనక్కి పాకుతోంది. ఆవిడ వెళ్ళి వాడి వెనక నిలబడింది. భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది, ఆ చేతిని ఒకసారి చూసుకుంది, గోటి కింద నల్లగీత, వెయ్యలేక ఆగిపోయింది. వాడే తల తిప్పకుండా అడిగాడు. "అక్కా, పైకొచ్చేశామా?"

"వచ్చేశాం నాన్నా. మూత తీశారు, చూడు, ఎండొస్తోంది."

వాడు తలూపాడు. నమ్మినట్టే తలూపాడు. చక్రం మాత్రం వదల్లేదు, కళ్ళు ముల్లు మీద నుంచి తియ్యలేదు, అలల మీద ఎండలో ఊగుతున్న ఆ ఓడలో ఇక చాల్లేరా అని వాడికి చెప్పే ధైర్యం ఏ ఒక్కరికీ లేకపోయింది.

"అరవై," అన్నాడు.